కారును ఆపేది రోడ్డే

అమలాపురం నుంచి రాజోలుకు 216వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తే, బోడసకుర్రు దగ్గర వైనతేయ మీది వంతెన దాటాక పాశర్లపూడి, మామిడికుదురు, నగరం, తాటిపాక వస్తాయి. నగరం పేరు దేశమంతా విన్నది 2014 జూన్ 27న, గెయిల్ గ్యాసు పైపులైను పేలిన రోజున. ఈ అధ్యాయంలో ఆ ఊరిని తలుచుకోవడానికి కారణం వేరు. నగరం నుంచి ఏ దిక్కుకు పది కిలోమీటర్లు కారు నడిపినా టైరు కింద నేల మారిపోతూనే ఉంటుంది. పెద్ద రోడ్డు మీద నున్నటి తారు. పక్క ఊళ్ళోకి తిరిగితే సిమెంటు రోడ్డు. కాలువ గట్టెక్కితే అంచులు తెగిన పాత తారు, దానికి ఆనుకుని నల్లమట్టి. కోతల కాలమైతే రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం. రొయ్యల లారీ ముందు వెళ్ళి ఉంటే మిట్టమధ్యాహ్నం ఎండలోనూ పొడుగ్గా ఒక తడి చార. కొబ్బరి డొక్కల ట్రాక్టరు వెళ్ళి ఉంటే దారంతా పీచు. వీటన్నిటి మీదా మనం ఒకే పెడలును ఒకే కాలితో తొక్కుతాం. కారు మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఆగుతుంది, ఒక్కో చోట ఆగనే ఆగదు.

అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. మనుషులైనా, కొబ్బరికాయలైనా, చేపలైనా కోనసీమ లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా రోడ్డే దిక్కు. కాబట్టి బ్రేకు గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

బ్రేకు కారును ఆపుతుందనుకుంటాం. నిజానికి బ్రేకు పని చక్రం దగ్గరే అయిపోతుంది. పెడలు తొక్కగానే గొట్టాల్లోని ద్రవం ఒత్తిడిని మోసుకెళ్ళి ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది, చక్రం తిరగడం మందగిస్తుంది. అయితే చక్రం మందగించినంత మాత్రాన టన్నుకు పైగా బరువున్న బండి ఎందుకు ఆగాలి? నేల టైరును వెనక్కి పట్టి లాగాలి. ఆ లాగుడే ఘర్షణ. బయటి నుంచి కారు మీద పనిచేసే బలాల్లో దాన్ని ఆపగలిగినంత పెద్దది అదొక్కటే. ఆ పట్టు ఎంత చోటు మీద ఆధారపడి ఉందో చూడండి. 1,200 కిలోల కారు బరువు నాలుగు టైర్ల మీద పడితే ఒక్కోదాని మీద 300 కిలోలు. టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 32 పౌండ్లు ఉంటే, ఆ బరువు మోయడానికి నేలకు ఆనవలసిన చోటు సుమారు 130 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక అరచేయంత. నలుగురు కూర్చున్న కారును నాలుగు అరచేతులంత రబ్బరు ఆపాలి.

ఆ రబ్బరుకు నేల మీద ఎంత పట్టు దొరుకుతుందో చెప్పే అంకెను ఘర్షణ గుణకం అంటారు. పొడి తారు మీద మంచి టైరుకు అది 0.7 దాకా ఉంటుంది. తడిసిన తారు మీద 0.4 దగ్గరికి పడిపోవచ్చు. బురద మీద ఇంకా తక్కువ. మీ కారు ఎంత ఖరీదైనదైనా, బ్రేకులు ఎంత కొత్తవైనా నేల ఇచ్చే ఈ హద్దును దాటలేవు.

రెండో లెక్క వేగానిది. కారు ఆగే దూరంలో రెండు ముక్కలుంటాయి. కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు పెడలు మీదికి వెళ్ళేలోపు కారు పాత వేగంతోనే పోతుంది. దీనికి ఒక సెకను పడుతుందనుకుందాం. అలసటలో, ఫోను ధ్యాసలో ఇంకా ఎక్కువే పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనుకే దాదాపు 17 మీటర్లు ఖర్చు. ఆ తరువాత బ్రేకు పట్టి ఆగడానికి పొడి తారు మీద మరో 20 మీటర్లు. మొత్తం 37. అదే వేగం 80 అయితే ఆలోచనకు 22, ఆగడానికి 36, మొత్తం 58 మీటర్లు. వేగం మూడో వంతు పెరిగితే బ్రేకు దూరం దాదాపు రెట్టింపయింది. బ్రేకు దూరం వేగం వర్గంతో పెరగడమే దీనికి కారణం.

ఈ లెక్కలోంచి వచ్చే ఒక ఫలితం విన్నవాళ్ళు చాలామంది నమ్మరు. రెండు కార్లు పక్కపక్కనే వెళ్తున్నాయనుకోండి, ఒకటి 60లో, ఇంకొకటి 80లో. 37 మీటర్ల ముందు ఒక గేదె రోడ్డు మీదికి వచ్చింది. ఇద్దరు డ్రైవర్లూ ఒకేసారి చూసి ఒకేలా బ్రేకు తొక్కారు. మొదటి కారు గేదె ముందు ఆగింది. రెండో కారు అదే చోటికి చేరేసరికి ఇంకా గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంలోనే ఉంటుంది. ఇరవై తేడాయే కదా అనుకున్నది అక్కడికి వచ్చేసరికి అరవై అయి కూర్చుంది. ‘కొంచెం స్పీడే కదా’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

ఇప్పుడు ధాన్యం దగ్గరికి వద్దాం. కోనసీమలో సార్వా కోతలు కార్తీకం వెళ్ళేటప్పుడు, దాళ్వా కోతలు ఎండాకాలంలో వస్తాయి. మిషనుతో కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో ధాన్యం తీసుకోవాలంటే తేమ 17 శాతం మించకూడదు. ఊళ్ళలో కళ్ళాలు తరిగిపోయాయి, ఖాళీ నేల అంతకంటే తక్కువ. నల్లటి తారు ఎండను పీల్చుకుని వేడెక్కుతుంది కాబట్టి దాని మీద పోసిన గింజ త్వరగా ఆరుతుంది. అందుకని రైతు రోడ్డెక్కుతాడు. అతన్ని తిట్టుకుంటూ పోవడం తేలిక. అల్పపీడనం వస్తోందని రేడియోలో విన్న రోజున ఆరు నెలల కష్టాన్ని ఎక్కడ ఆరబోయాలో చెప్పగలిగినవాళ్ళకే ఆ తిట్టే హక్కు ఉంటుందని నా అభిప్రాయం. ఆరబోత కళ్ళాలు కట్టించడం వ్యవసాయానికి చేసే మేలు మాత్రమే అనుకోకూడదు. అది రోడ్డు భద్రత పని కూడా.

గింజల మీద టైరు ఎందుకు జారుతుంది? రబ్బరు పట్టంతా అది తారులోని చిన్న చిన్న గరుకుల్లోకి దిగడంలో ఉంది. మెత్తటి రబ్బరు కంకర మొనల చుట్టూ వంగి, వాటిని పట్టుకుని వదులుతూ వెళ్తుంది. మధ్యలో వడ్లు ఉంటే రబ్బరుకు మొనలే తగలవు. వడ్లగింజ పైపొట్టులో సిలికా ఎక్కువ కాబట్టి అది గట్టిగా ఉంటుంది. కోలగా ఉన్న గింజ బరువు కింద దొర్లుతుంది కూడా. పట్టు 0.25కు పడిందనుకుని లెక్క వేస్తే, 60 వేగంలో బ్రేకు దూరం 20 మీటర్ల నుంచి 57 మీటర్లకు పెరుగుతుంది. ఆలోచన దూరం కలిపితే 74. వేగం ముందే 30కి తగ్గించుకున్న కారుకు మొత్తం 22 మీటర్లు చాలు.

దూరం పెరగడం కంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. మనం ఎడమ పక్కన నడుపుతాం. ధాన్యమూ ఎడమ అంచునే ఉందనుకోండి. ఎదురుగా బస్సు వస్తే చోటివ్వడానికి ఎడమ చక్రాలు ధాన్యం మీదికి ఎక్కిస్తాం, కుడి చక్రాలు తారు మీదే ఉంటాయి. సరిగ్గా అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కితే ఏమవుతుంది? కుడి టైర్లను తారు బలంగా వెనక్కి లాగుతుంది. ఎడమ టైర్లు గింజల మీద జారుతూ ముందుకు పోతాయి. కారు మూతి కుడివైపు, అంటే ఎదురొచ్చే బస్సు వైపు తిరుగుతుంది. భయంతో డ్రైవరు స్టీరింగును ఎడమకు బలంగా తిప్పుతాడు. ఈలోగా ధాన్యం అయిపోయి ఎడమ టైర్లకు తారు అందుతుంది. ఒక్కసారిగా పట్టు దొరికిన ముందు చక్రాలు, తిప్పి ఉంచిన దిక్కుకే, అంటే ఎడమకు దూసుకుపోతాయి. కాలువ గట్టు మీదైతే ఎడమన ఉన్నది కాలువే కావచ్చు. చూసినవాళ్ళు ‘స్టీరింగు పట్టేసినట్టుంది’ అంటారు. స్టీరింగు సరిగ్గానే పనిచేసింది. చక్రాల కింద నేల రెండుసార్లు మారింది, అంతే.

అందువల్ల ధాన్యం కనపడగానే, దాని మీదికి వెళ్ళకముందే, తారు మీదే వేగం తగ్గించుకోవాలి. బ్రేకు పని అక్కడే పూర్తి చేయాలి. ఎక్కాక యాక్సిలరేటరు మీద కాలు తేలిగ్గా ఉంచి స్టీరింగు తిన్నగా పట్టుకుని దాటాలి. ఎదురు బండికి చోటివ్వక తప్పదనుకుంటే ధాన్యానికి ఇవతలే ఆగిపోయి, దాన్ని పోనిచ్చి, అప్పుడు కదలాలి. రాత్రిపూట కుప్ప చేసి బరకం కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. ఆ నల్ల బరకం మీద మన లైటు తిరిగి మెరవదు. కోతల రోజుల్లో గట్టు రోడ్ల మీద చీకటి పడ్డాక 40 దాటకపోవడం మంచిదని చెప్పగలను. పొడి తారు మీద ఆ వేగంలో మొత్తం 20 మీటర్లలో ఆగవచ్చు, చిన్న లైట్ల వెలుగు అంత మేర చక్కగా చూపిస్తుంది.

వానాకాలపు మొదటి జల్లు కుండపోత కంటే మోసకారి. ఎండాకాలమంతా తారు మీద పేరుకున్న ఇంజను ఆయిలు, రబ్బరు పొడి, దుమ్ము ఆ కాసిన్ని నీళ్ళతో కలిసి సన్నటి జిగురు పొరవుతాయి. కాసేపు గట్టిగా కురిస్తే అది కొట్టుకుపోయి రోడ్డు కొంత నయమవుతుంది. దమ్ము చేసిన ట్రాక్టరు రోడ్డెక్కినప్పుడు రాల్చే ఒండ్రుమట్టి మాత్రం ఎన్ని వానలకూ పోదు. గోదావరి తెచ్చి పోసిన ఆ బంకమట్టి రేణువులు ఎంత సన్నవంటే, తడిసినప్పుడు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. లంకభూమిని అంత సారవంతం చేసిన మట్టే రోడ్డు మీద టైరును నిలవనివ్వదు.

నీళ్ళు నిలిచిన చోట కథ మళ్ళీ వేరు. టైరు గాళ్ళు ఉన్నది అందం కోసమని చాలామంది అనుకుంటారు. కింద ఉన్న నీటిని పక్కలకు తోసెయ్యడం వాటి పని. వేగం పెరిగేకొద్దీ నీటికి పక్కకు పోయే వ్యవధి తగ్గి, టైరు ముందు చీలికలా పోగుపడి దాన్ని పైకి లేపుతుంది. 1963లో నాసాలో హార్న్, డ్రెహర్ అనే ఇద్దరు విమానాల టైర్ల మీద పరిశోధన చేసి, ఏ వేగంలో టైరు పూర్తిగా నీటి మీద తేలిపోతుందో టైరులోని గాలి ఒత్తిడిని బట్టి లెక్కగట్టే సూత్రం ఇచ్చారు. గాళ్ళు అరిగిపోయిన టైరుకు, నిండా నీళ్ళున్న రోడ్డు మీద దాన్ని వాడితే, గాలి 32 ఉన్నప్పుడు ఆ వేగం గంటకు 94 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. గాలి 24కు దిగిపోయి ఉంటే 82కే. మనవాళ్ళు వానలో అంత వేగంగా పోరులే అనుకోవద్దు. నీరు పైకి తోసే బలం కూడా వేగం వర్గంతోనే పెరుగుతుంది. అంటే 94లో మొత్తం బరువును మోసే నీరు 66లోనే దాదాపు సగం బరువును మోస్తుంది. నేలకు ఆనేది మిగతా సగమే, బ్రేకుకు దొరికేదీ ఆ సగమే. జాతీయ రహదారి మీద 66 అంటే ఎవరికీ వేగమనిపించదు.

స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోయిందంటే టైరు తేలుతోందని అర్థం. అప్పుడు బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుంటే వేగం దానంతటదే తగ్గి టైరు మళ్ళీ నేలను అందుకుంటుంది. బ్రేకు తొక్కి చక్రాన్ని ఆపేసి ఉంటే, లేదా స్టీరింగు తిప్పి ఉంటే, నేల అందిన క్షణంలో అది కారును తిరగబడినట్టు విసిరేస్తుంది. టైరు గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మన దేశంలో ఆ టైరు చట్టం ప్రకారం వాడకూడనిది. కోనసీమ వానకు అంతకంటే ముందే మార్చడం నయం.

వరదల్లో లంకల కాజ్‌వేల సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే గోదావరి పెరిగినప్పుడల్లా మునిగేదే. పారే నీటిలో కారుకు అడుగు లోతు కూడా ఎక్కువే. నీరు కారును కింద నుంచి పైకి లేపుతుంది, టైర్ల మీద బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే పట్టూ తగ్గుతుంది, ప్రవాహం పక్క నుంచి తోస్తుంది. అక్కడ బ్రేకుకు చేయగలిగిందేమీ ఉండదు. నీరు తీసేదాకా ఇవతలే ఉండాలి.

నిలవ నీటిలోంచి బయటపడ్డాక ఒక పని మరవకూడదు. డిస్కుకూ ప్యాడుకూ మధ్య నీటిపొర చేరుతుంది. వెనక చక్రాలకు చాలా కార్లలో డ్రమ్ములుంటాయి, లోపలికి వెళ్ళిన నీరు అక్కడే ఉండిపోతుంది. మెల్లగా కదులుతూ పెడలును రెండు మూడుసార్లు తేలిగ్గా నొక్కి ఉంచితే ఆ రాపిడి వేడికి తడి ఆరిపోతుంది. బ్రేకు పట్టు తిరిగి వచ్చిందని కాలికి తెలిశాకే వేగం పెంచాలి.

ఇక ఏబీఎస్. చక్రం పూర్తిగా బిగుసుకుపోయి జారడం మొదలుపెడితే రెండు నష్టాలు. జారే రబ్బరుకు, దొర్లుతూ పట్టుకునే రబ్బరుకున్నంత పట్టు ఉండదు. అంతకంటే ముఖ్యంగా, ముందు చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగు ఎటు తిప్పినా కారు పోయే దిక్కుకే పోతుంది. 1978లో బాష్ కంపెనీ తయారు చేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను మెర్సిడెస్ బెంజ్ తన పెద్ద కార్లలో పెట్టింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. చక్రం బిగుసుకోబోతోందని సెన్సారు పసిగట్టగానే అది ఒత్తిడిని వదిలి, మళ్ళీ పట్టి, సెకనుకు చాలాసార్లు అలా చేస్తుంది. కాలి కింద పెడలు గడగడ కొట్టుకుంటుంది, కింద నుంచి చప్పుడొస్తుంది. ఏదో విరిగిందనుకుని చాలామంది సరిగ్గా అప్పుడే కాలు తీసేస్తారు. తీయకూడదు. గట్టిగా తొక్కిపట్టి, స్టీరింగుతో అడ్డును తప్పించుకుపోవాలి. అది పెట్టింది అందుకే. ఒకసారి ఖాళీగా ఉన్న రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 30 వేగంలో గట్టిగా తొక్కి ఆ గడగడను కాలికి పరిచయం చేయండి. అసలు అవసరం వచ్చిన రోజున కాలు బెదరదు.

ఏబీఎస్ ఉన్నంత మాత్రాన పట్టు పెరగదు. ఉన్న పట్టును వృథా కానివ్వదు, అంతవరకే. పైగా వదులు కంకర, ఇసుక మీద దానివల్ల ఆగే దూరం కాస్త పెరగవచ్చు కూడా. బిగుసుకున్న చక్రం వదులు కంకరను ముందుకు దున్ని గుట్టలా పోగుచేసుకుని దానికి తగిలి ఆగుతుంది. దొర్లుతూ పోయే చక్రానికి ఆ గుట్ట దొరకదు. రోడ్డు వెడల్పు చేస్తున్న చోట్ల దీన్ని మనసులో పెట్టుకోవాలి. ఏబీఎస్ లేని పాత మారుతి, అంబాసిడర్ నడిపేవాళ్ళు చక్రం బిగుసుకుని కీచుమన్న చప్పుడు వినగానే పెడలును కొద్దిగా వదిలి మళ్ళీ నొక్కాలి. పాతకాలం డ్రైవర్లకు అది కాలిలోనే ఉండేది.

కాలువ గట్టు రోడ్లకు తమదైన గుణం ఒకటుంది. 1847 నుంచి 1852 వరకు కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక, డెల్టా అంతా కాలువలు తవ్విన మట్టే గట్లయింది, ఆ గట్లే బండి బాటలయ్యాయి, తరవాత వాటి మీద తారు పడింది. బొబ్బర్లంక నుంచి అమలాపురం వైపు వచ్చే రోడ్డు చూస్తే ఇది తెలుస్తుంది. కాలువ నీరు పారడానికి అనువుగా తిరిగింది, రోడ్డు దాని వెంటే తిరిగింది. కారు వేగానికి ఎవరూ వంపులు కొలిచి గీయలేదు. వంపులో టైరు పట్టు రెండు పనులకు పంచుకోవాలి: పక్కకు తిరగడానికి కొంత, ఆగడానికి కొంత. రెండూ కలిసి నేల ఇచ్చే హద్దు లోపలే ఉండాలి. వంపులోకి వేగంగా వచ్చి మధ్యలో బ్రేకు తొక్కితే, తిరగడానికి మిగిలే పట్టు చాలక కారు వంపు బయటికి జారుతుంది. ముందే తిన్నటి రోడ్డు మీద వేగం తగ్గించి, గేరు మార్చి, ఆ తరువాత తిరగాలి. ఎడమ చక్రాలు తారు దిగి మట్టి మీద పడితే ఒక్కసారిగా పైకి లాగొద్దు, బ్రేకూ వద్దు. వేగం తగ్గేదాకా అలాగే తిన్నగా పోనిచ్చి, ఆ తరువాత మెల్లగా ఎక్కించాలి.

ధనుర్మాసం తెల్లవారుజామున ఆ కాలువల మీదే పొగమంచు కూర్చుంటుంది. గుడికి నడిచి వెళ్ళేవాళ్ళు, పాల సైకిళ్ళు, సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాత్రంతా నడిపి వచ్చిన కార్లు, అన్నీ ఆ వేళకే రోడ్డు మీద ఉంటాయి. రావులపాలెం దాకా నాలుగు వరసల రోడ్డు మీద వందలో వచ్చిన కాలికి గట్టు రోడ్డు మీద 60 నెమ్మదిగా తోస్తుంది. మంచుకు తారు తడిసి ఉంటుంది. సన్నటి రోడ్డులో ఎదురొచ్చే బండీ మనలాగే ఆగాలి కాబట్టి కనపడే దూరంలో మన వాటా సగమే. కన్ను 40 మీటర్లు చూడగలిగితే మనం 20 మీటర్లలో ఆగగలగాలి. తడి రోడ్డు లెక్కలో అలా ఆగగలిగే వేగం గంటకు 33 కిలోమీటర్లు. హెడ్‌లైటు పెద్దది వేస్తే మంచు బిందువులు ఆ వెలుగును మన కళ్ళలోకే తిప్పికొడతాయి. చిన్నదే ఉంచాలి.

కోనసీమ డ్రైవరుకు తెలియని రోడ్డు కొండ రోడ్డు. ఇక్కడ వంతెన ఎక్కి దిగడమే పెద్ద ఎత్తు. ఆదివారం మారేడుమిల్లి వెళ్ళినప్పుడో, మొక్కు తీర్చుకోవడానికి తిరుమల వెళ్ళినప్పుడో ఆ కారే ఘాటు రోడ్డు ఎక్కుతుంది. అక్కడ సమస్య పట్టుది కాదు, వేడిది. 1,200 కిలోల కారును 60 నుంచి ఒకసారి ఆపితే పుట్టే వేడి అర లీటరు నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. అదే కారు 500 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకు మీదే కాలుంచి దిగితే, అలాంటి బ్రేకులు 35 సార్లు వేసినంత వేడి, అంటే 20 లీటర్లు మరిగే వేడి, డిస్కుల్లోకీ అరచేతి వెడల్పు ప్యాడ్లలోకీ పోతుంది. చల్లారే వ్యవధి ఉండదు. ప్యాడు వేడెక్కి పట్టు కోల్పోతుంది. ఇంకా వేడెక్కితే బ్రేకు ద్రవం మరుగుతుంది. ద్రవాన్ని ఎంత నొక్కినా కుంచించుకోదు కాబట్టే అది కాలి బలాన్ని చక్రం దాకా మోయగలుగుతుంది. ఆవిరి బుడగలు నొక్కితే కుంచించుకుపోతాయి. పెడలు నేలదాకా దిగుతుంది, కారు ఆగదు.

ఇక్కడ మన వాతావరణమూ చేయి కలుపుతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకు తక్కువగా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు అవే అంకెలు 230, 155. చుట్టూ కాలువలు, పక్కన సముద్రం ఉన్న సీమలో ఏడాదంతా నడిచిన కారును ద్రవం మార్చకుండా కొండెక్కించడం మంచిది కాదు. రెండేళ్ళకోసారి మార్చాలి. ఉప్పుగాలికి రాత్రికి రాత్రే డిస్కుల మీద తుప్పు పొర కడుతుంది, ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటుంది, అది సహజమే. గరగర పోకుండా ఉన్నా, పెడలు మెత్తగా దిగుతున్నా, కారు ఒక పక్కకు లాగుతున్నా మెకానిక్కు చూపించాలి.

కొండ దిగేటప్పుడు గేరు పని చేయాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని ఘాటు డ్రైవర్లు చెప్పే మాట సరైనదే. కింది గేరులో ఇంజనే కారును వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకును అప్పుడప్పుడు గట్టిగా నొక్కి పూర్తిగా వదిలితే చాలు. ఎడతెగకుండా తేలిగ్గా నొక్కి ఉంచడమే ప్యాడ్లకు చేటు. ఆటోమేటిక్ కార్లలోనూ కింది గేరులో నిలిపి ఉంచే వీలుంటుంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళను చూస్తే భయమేస్తుంది. ఇంజను ఆపేస్తే ఇంకా ఘోరం. బ్రేకు పెడలుకు బలమిచ్చే బూస్టరు ఇంజను ఇచ్చే శూన్యంతో నడుస్తుంది. ఇంజను ఆగాక రెండు మూడు తొక్కులకే అది అయిపోయి పెడలు రాయిలా బిగుస్తుంది. తిరుమలలో 1944లో వేసిన పాత ఘాటు రోడ్డు దిగడానికి, 1974 నాటి కొత్త రోడ్డు ఎక్కడానికి కేటాయించారు. దిగే బండ్లకు కనీస సమయమూ పెట్టారు, అంతకంటే తక్కువ సమయంలో దిగితే తప్పు పడతారు. 2018 సెప్టెంబరు 11న తెలంగాణలో కొండగట్టు ఘాటు రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో మోయగలిగిన దానికంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. కొండ దిగేటప్పుడు పుట్టే వేడి బరువుతో సమంగా పెరుగుతుంది. పెళ్ళికి పదిమందిని ఎక్కించుకుని ఘాటు దిగే ఏ బండికైనా ఈ లెక్క వర్తిస్తుంది.

కార్లలో బ్రేకు గొట్టాలు రెండు విడి దారులుగా ఉంటాయి కాబట్టి బ్రేకు పూర్తిగా పోవడం అరుదు. అయినా పెడలు దిగిపోతే వెంటవెంటనే పలుమార్లు తొక్కాలి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. గేరు ఒక్కొక్కటిగా తగ్గించాలి. తాళం తిప్పి ఇంజను ఆపొద్దు, స్టీరింగు బిగుసుకుంటుంది. హ్యాండ్‌బ్రేకును బొత్తాం నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగాలి, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు బిగుసుకుని కారు గిర్రున తిరుగుతుంది. హ్యాండ్‌బ్రేకు మీట బదులు స్విచ్చు ఉన్న కార్లలో ఆ స్విచ్చును ఎత్తి పట్టి ఉంచితే కారే మెల్లగా ఆగేలా చూసుకుంటుంది.

ఇవేవీ చాలకపోతే గట్టు రోడ్డు మీద ఎటు పోవాలన్న ప్రశ్న మిగులుతుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేలు, మధ్య మధ్య కొబ్బరిచెట్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కొబ్బరిచెట్టుకు గుద్దుకుంటే కారు ముందు భాగం నలిగే అర మీటరులోనే ఆ వేగమంతా పోవాలి. లోపలివాళ్ళ మీద పడే తోపు వాళ్ళ బరువుకు 12 రెట్లు దాటుతుంది. గట్టు ఎత్తు తక్కువగా ఉన్న చోట చేలోకి దింపితే, మెత్తటి మట్టి చక్రాలను ఎనిమిది మీటర్ల మేర లాగి పట్టి ఆపిందనుకుంటే, ఆ తోపు బరువులో ఐదింట నాలుగు వంతులకు తగ్గుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పటి కుదుపు కంటే అది పెద్ద ఎక్కువేమీ కాదు. సీటు బెల్టు పెట్టుకుని ఉంటే దాన్ని తట్టుకోవచ్చు.